చిత్తూరు బేకరీ పిజ్జా నుంచి నేపుల్స్ దాకా

పిజ్జా రకాల గురించి మాట్లాడేటప్పుడు అందరూ నేపుల్స్ అంటారు, న్యూయార్క్ అంటారు, చికాగో అంటారు, మా చిత్తూరు బేకరీ పిజ్జాని మాత్రం ఎవరూ లెక్కలోకే తీసుకోరు. దాన్ని తిని పెరిగినోళ్ళు కూడా "అప్పట్లో ఇంకేం దొరికేది కాదు కాబట్టి తినేవాళ్ళం లే" అని తీసిపారేస్తారు, అట్లా అన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ మూడు ఊర్లలోనూ తిని వచ్చినాక చెప్తా ఉండా, మాది కూడా ఒక రకం పిజ్జానే. దానికొక పద్ధతి ఉండేది, అట్లా ఉండడానికి కారణాలు ఉండేవి, అవి నేను మర్చిపోకముందే రాసి పెట్టాలనిపించింది.

90ల చివరి మాట. మా నాయన కలెక్టరాఫీసులో గుమాస్తా. జీతం వచ్చిన రోజు సాయంత్రం గాంధీ విగ్రహం పక్కనుండే బేకరీ నుంచి పొట్లం తెచ్చేవాడు, అందులో ఎగ్ పఫ్‌లు, కోకోనట్ బన్నులు, ఉప్పు బిస్కెట్లు ఉండేవి. ఒక నెల అవేవీ లేకుండా కేకులు పెట్టిచ్చే అట్టడబ్బా ఒకటి తెచ్చినాడు, అడుగంతా నూనె దిగి తడిసిపోయి ఉంది. తెరిస్తే పిజ్జా. ఆ రోజు శనివారం, మా ఇంట్లో శనివారం నీసు ముట్టరు, గుడ్డు కూడా తినరు, అందుకని అమ్మ ముక్క చేతిలో పట్టుకోని "ఇందులో గుడ్డేమైనా పడిందా?" అని ఒకటే అడగడం. నాయన ఆ ప్రశ్న వస్తుందని తెలిసి బేకరీలోనే కనుక్కోని వచ్చినాడు, బన్ను పిండిలో గుడ్డు వెయ్యరంట, కేకులకి మాత్రమే వేస్తారంట. అప్పుడు తినింది అమ్మ. తిన్నాక ఏమీ అనలేదు, ఇంకో ముక్క తీసుకునింది, అంతే, మాకు అర్థమైపోయింది.

ఆ బేకరీ వెనక సందులోనే నా లెక్కల ట్యూషన్. అందుకే ఆ పిజ్జా ఎట్లా తయారయ్యేదో నాకు కళ్ళకి కట్టినట్టు గుర్తుంది, ట్యూషన్ అయిపోయినాక నేనూ నా స్నేహితురాలూ వెనక తలుపు దగ్గర నిలబడి చూసేవాళ్ళం, వాళ్ళు కూడా ఏమనేవాళ్ళు కాదు. నడిపేది కేరళ ఆయన, చానా ఏండ్ల కిందటే చిత్తూరొచ్చి స్థిరపడినాడు, తెలుగు మన మాదిరే మాట్లాడేవాడు. ఇటుకలతో కట్టిన ఓవెన్, లోపలికి మనిషి పాక్కుంటా పోగలిగేంత పెద్దది. మధ్యాహ్నమే లోపల సరివి కట్టెలు పేర్చి మంట పెట్టేవాళ్ళు, ఇటుకలు బాగా కాగినాక నిప్పులన్నీ బయటికి లాగేసి, పొడుగాటి కర్రకి తడి గోనెపట్ట చుట్టి అడుగంతా తుడిచేవాళ్ళు, ఆ బూడిద వాసన, ఆవిరి వాసన కలిసి సందంతా కమ్ముకునేది. ఇంక ఆ తర్వాత లోపల మంట ఉండదు. ఇటుకల్లో దాగిన వేడితోనే రాత్రి దాకా పని జరగాల. వేడి గట్టిగా ఉన్నప్పుడు బ్రెడ్డు, బన్నులు, పఫ్‌లు, కొంచెం దిగినాక కేకులు, ఇంకా దిగినాక బిస్కెట్లు, చివరాఖరికి రస్కుల ట్రేలు లోపల పెట్టి తలుపు మూసేసి ఇంటికి పొయ్యేవాళ్ళు, తెల్లారేసరికి అవి ఎండి గలగలలాడతా ఉండేవి.

పిజ్జా వంతు బన్నులకీ కేకులకీ మధ్యలో. ఇది ముఖ్యం. ఆ సమయానికి ఓవెన్‌లో బ్రెడ్డు కాలేంత వేడే ఉంటుంది, మంట ఉండదు, కాబట్టి పిజ్జా పది పన్నెండు నిమిషాలు లోపల ఉండాల. అంతసేపు పల్చటి రొట్టె పెడితే ఎండి గట్టిపడిపోతుంది. అందుకే మందం. బన్నుకి కలిపిన పిండినే, కొంచెం తీపి ఉండే ఆ మెత్తటి పిండినే, కేకులు చేసే గుండ్రటి రేకు డబ్బాలకి డాల్డా పూసి అందులో వేళ్ళతో ఒత్తేవాళ్ళు. ఆ డాల్డాకి అడుగు భాగం వేగినట్టు ఎర్రగా కరకరలాడేది, పైన మెత్తగా ఉండేది. ఇప్పుడు ఊరూరా పాన్ పిజ్జా అని అమ్ముతారే, ఇంచుమించు అదే పద్ధతి, ఆయనకి ఎవురూ నేర్పించలేదు, డబ్బా ఉంది, పిండి ఉంది, ఓవెన్ ఉంది, దానికి తగినట్టు చేసినాడు.

పైన సాస్ గురించి చెప్పకపోతే అన్యాయం. చానా చోట్ల కెచప్ పూసేస్తారు కదా, ఈయన అట్లా కాదు. మదనపల్లె నుంచి వచ్చే టమోటాలు మా ఊర్లో ఎప్పుడూ చౌకే, ధర పడిపోయిన రోజుల్లో అయితే రైతులు అమ్ముకోలేక రోడ్డు పక్కనే పారబోసి పొయ్యేవాళ్ళు, చూస్తే కడుపు తరుక్కుపొయ్యేది. ఆ టమోటాలు, ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, కారంపొడి వేసి పెద్ద సత్తు దబరాలో నీరంతా ఇంకిపొయ్యేదాకా ఉడికించేవాళ్ళు. అది సాస్ అనేకంటే టమోటా ఊరగాయకి దగ్గరగా ఉండేది, నోట్లో పెట్టుకుంటే పులుపు, కారం ఒకేసారి తగిలేవి. దాని మీద క్యాప్సికమ్, ఎర్రగడ్డ ముక్కలు, ఆ పైన అమూల్ డబ్బా చీజ్ తురుము. సాగే చీజ్ కాదు. ప్రాసెస్డ్ చీజ్ అంటే చీజ్‌ని కరిగించి, కొన్ని లవణాలు కలిపి, మళ్ళీ గట్టిపరిచింది, కరిగితే సమంగా పరుచుకుంటుంది గానీ తీగలు సాగదు, మోజరెల్లా మాదిరి వేడినీళ్ళల్లో సాగదీసి చేసింది కాదు కదా. ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు, ఫ్రిజ్ నమ్ముకోని మోజరెల్లా తెప్పించే పరిస్థితి లేదు, డబ్బా చీజ్ అయితే తెరిచేదాకా చెడిపోదు. ఓవెన్ నుంచి తీసేసరికి ఆ తురుము అక్కడక్కడ గోధుమరంగు మచ్చలుగా కాలి ఉప్పగా ఉండేది. ఆ ఉప్పు, కింద సాస్ పులుపు, అడుగున బన్ను తీపి. ఇప్పటికీ పిజ్జా అంటే నా నాలుక ఆ మూడింటినీ వెతుక్కుంటుంది.

డిగ్రీ అయినాక పీజీకి తిరుపతి వచ్చినా, పద్మావతి యూనివర్సిటీ హాస్టల్. ఆదివారం ఔటింగ్ ఉండేది, సాయంత్రం గేటు మూసేలోపల లోపలికి వచ్చెయ్యాల, కాబట్టి కూర్చోని తినే తీరిక ఎప్పుడూ ఉండేది కాదు, కట్టించుకోని ఆటోలో ఒళ్ళో పెట్టుకోని రావడమే. ఆ డబ్బా వేడి చున్నీ మీదుగా తగలతా ఉండేది. రూములో నలుగురం, మంచం మీద పేపర్ పరిచి, ఒకరు టమోటా సాస్ ప్యాకెట్లు పళ్ళతో చించతా ఉంటే ఒకరు మెస్సు నుంచి ప్లేట్లు తెస్తా ఉంటే, గుంటూరు నుంచి వచ్చిన అమ్మాయి వాళ్ళింటి కారప్పొడి డబ్బా తీసేది. ఆ కారప్పొడి పిజ్జా మీద చల్లుకోని తినడం ఆ అమ్మాయి దగ్గరే నేర్చుకున్నా, ఇప్పటికీ మానలేదు.

అయితే తిరుపతి పిజ్జా చిత్తూరు పిజ్జా ఒకటి కాదు. డెబ్బై కిలోమీటర్ల దూరంలోనే తేడా వచ్చేసింది. తిరుపతిలో బాలాజీ కాలనీ పక్క, ప్రకాశం రోడ్డు పక్క మేం తిన్న చోట్లంతా రెడీమేడ్ బేస్ మీదే చేసేవాళ్ళు, ముందే కాల్చి ప్యాకెట్లలో అమ్మే రొట్టె, దాని మీద కూరగాయలేసి చిన్న కరెంటు ఓవెన్‌లో వేడి చేసి ఇచ్చేవాళ్ళు. క్యాబేజీ, క్యారెట్ తురుము ఎక్కువ, స్వీట్ కార్న్ ఎక్కువ. యాత్రికుల ఊరు కదా, దేశం నలుమూలల నుంచి వచ్చేవాళ్ళు, దీక్షలో ఉన్నోళ్ళు, గుడ్డు తిననోళ్ళు, అందుకే చాలా చోట్ల బోర్డు మీదే వెజ్ అని పెద్దక్షరాలతో రాసేవాళ్ళు, ఎర్రగడ్డ తెల్లగడ్డ లేకుండా కావాలంటే కూడా చేసిచ్చేవాళ్ళు. అట్లా చూస్తే అది ఊరికి తగిన పిజ్జానే. రుచి మాత్రం చిత్తూరుదే గొప్ప, అందులో నాకు రెండో మాట లేదు, ముందే కాలిన రొట్టెని మళ్ళీ కాలిస్తే అది ఎప్పటికీ పొంగదు, సాస్ పైనే నిలబడిపోతుంది గానీ రొట్టెలోకి దిగదు.

ఇంక పెద్ద కంపెనీల పిజ్జా మొదట తినింది మెడ్రాస్‌లో. 1996లోనే బెంగుళూరులో పిజ్జా హట్, ఢిల్లీలో డామినోస్, మెడ్రాస్‌లో పిజ్జా కార్నర్ మొదలైనాయి, మా చిత్తూరోళ్ళకి బెంగుళూరు, మెడ్రాస్ రెండూ మూడు నాలుగు గంటల బస్సు ప్రయాణమే కాబట్టి పెండ్లి బట్టలకని పొయ్యినోళ్ళు తినొచ్చి కథలు కథలుగా చెప్పేవాళ్ళు. మా పెద్దమ్మ కొడుకు అన్న అట్లా నన్ను పిజ్జా కార్నర్‌కి తీసుకుపొయ్యినాడు. చీజ్ తీగలు సాగడం అప్పుడే మొదటిసారి చూసినా. మూతి దగ్గర నుంచి ప్లేటు దాకా సాగింది, అన్న వేలితో తెంపినాడు. చానా బాగుండింది, నిజం, కానీ ఇంటికొచ్చినాక నాయన "మన బేకరీది బాగుందా, అది బాగుందా" అని అడిగితే రెండూ వేరే వేరే నాయనా అని చెప్పినా. ఇప్పుడు కూడా అదే చెప్తాను.

పెండ్లయినాక అమెరికా. మొదట న్యూజెర్సీ. ఆడ మా వారి ఆఫీసు దగ్గర ముక్కలుగా అమ్మే పిజ్జా షాపు ఉండేది, న్యూయార్క్ పద్ధతి. పద్దెనిమిది అంగుళాల పెద్ద పిజ్జా, ఒక్క ముక్క కాగితం ప్లేటు దాటి బయటికి వేలాడతా ఉండేది. దాన్ని మధ్యకి మడిచి, నిలబడే తినాల, మడిచినప్పుడు కింద రొట్టె విరక్కుండా చిన్నగా పగలాల, అదే గుర్తంట మంచి ముక్కకి. నీరు తక్కువుండే మోజరెల్లా వాడతారు, పిండిని ఒకటి రెండు రోజులు ఫ్రిజ్‌లో పెట్టి నిదానంగా పులియబెడతారు, అందుకే రొట్టెకే ఒక రుచి ఉంటుంది, పైన ఏమీ లేకపోయినా తినొచ్చు. న్యూయార్క్‌లో లొంబార్డీస్ అనే షాపు 1905 నాటిదని చెప్పుకుంటారు, అప్పట్లో బొగ్గు ఓవెన్లు, ఇటలీ నుంచి వలసొచ్చినోళ్ళకి ఆడ కట్టెల కంటే బొగ్గే సులువుగా దొరికింది కాబట్టి బొగ్గుతోనే కాల్చినారు. ఆ తర్వాత గ్యాస్ ఓవెన్లు వచ్చినాయి, వాటితో వేడి సమంగా ఉంటుంది, ముక్కని మళ్ళీ వేడి చేసి ఇవ్వడం సులువైంది, పనికి పరిగెత్తే జనం నడుస్తా తినే పిజ్జా అట్లా పుట్టింది. దీన్ని విన్నప్పుడే నాకు మా సందులో ఓవెన్ గుర్తొచ్చింది, ఆడ కూడా పొయ్యి ఏది ఉంటే పిజ్జా అట్లా తయారైంది.

కనెటికట్‌లో న్యూ హేవెన్ అని ఊరు, ఆడ 1925 నుంచి ఫ్రాంక్ పెపే వాళ్ళ షాపు, ఇప్పటికీ బొగ్గు ఓవెనే. మసి అంటినట్టు అంచులు నల్లగా కాలి ఉంటాయి, మొదట చూసి మాడ్చేసినారేమో అనుకుంటాం, కాదు, అదే వాళ్ళ రుచి. మామూలు పిజ్జా అంటే టమోటా, పైన కొంచెం గట్టి చీజ్ తురుము, అంతే, మోజరెల్లా కావాలంటే విడిగా అడగాల. ఆడ పేరుపొయ్యింది ఆల్చిప్పల పిజ్జా, నేను తినలేదు, మా వారు తిని మెచ్చుకున్నారు.

చికాగో దగ్గర నేపర్‌విల్‌లో మా ఆడబిడ్డ వాళ్ళుండేవాళ్ళు, ఆడికి పొయ్యినప్పుడల్లా డీప్ డిష్ తినాల్సిందే. 1943లో పిజ్జేరియా యూనోలో మొదలైందని చెప్తారు. లోతు గిన్నె మాదిరి పాత్రలో పిండి పరిచి, ముందు చీజ్, తర్వాత కూరగాయలో మాంసమో, అన్నిటికంటే పైన టమోటా. తిరగేసి పెట్టినట్టు ఉంటుంది, దానికి కారణం ఉంది, అంత మందం కాలాలంటే అరగంట పైన పడుతుంది, చీజ్ పైనుంటే అంతసేపటికి మాడిపోతుంది. ఫోర్కు లేనిది తినలేం. రెండు ముక్కలు తింటే రాత్రికి అన్నం అక్కర్లేదు. ఆడబిడ్డ వాళ్ళ పక్కింటి అమెరికన్ పెద్దావిడ మాత్రం నాకు చెప్పింది, చుట్టాలొచ్చినప్పుడే మేం అది తింటాం, మా ఇంట్లో తినేది పల్చటి పిజ్జా, చిన్న చిన్న చదరాలుగా కోసింది అని. తర్వాత అది కూడా తిన్నా, బీరు షాపుల్లో పుట్టిన పిజ్జా అది, కరకరలాడతా ఉంటుంది, నాకు డీప్ డిష్ కంటే అదే నచ్చింది.

డెట్రాయిట్ గురించి మాత్రం తీరిగ్గా చెప్పాల.

మా వారికి కార్ల కంపెనీ ప్రాజెక్టు వచ్చి మిషిగన్‌లో నోవై అనే ఊరికి మారినాం, చుట్టూ తెలుగోళ్ళే. ఆడ ఒక శుక్రవారం పక్కింటోళ్ళు పిలిచి పిజ్జా తెప్పించినారు. డబ్బా తెరిస్తే చతురస్రంగా, మందంగా, అంచుల చుట్టూ చీజ్ నల్లగా ఎర్రగా కాలి గోడ కట్టినట్టు నిలబడి ఉంది, పైన సాస్ రెండు మూడు చారలుగా పోసి ఉంది. మూల ముక్క నాకిచ్చినారు. నోట్లో పెట్టుకున్నా. అడుగు వేగినట్టు కరకర, మధ్యలో బన్ను మాదిరి మెత్తన, చీజ్ కాలిన ఉప్పు రుచి, టమోటా పులుపు. నేను చిత్తూరులో ఉండా! ఆ ఇంటావిడ "ఏమైందక్కా, బాలేదా?" అని కంగారు పడింది, చాలా బాగుందమ్మా, మా ఊరి పిజ్జా ఇది అని చెప్పేసరికి నా గొంతు పట్టేసింది, నాయన పొయ్యి అప్పటికి ఎంతో కాలం కాలేదు.

తర్వాత తెలుసుకుంటే దాని కథ ఇది. 1946లో బడ్డీస్ అనే చోట గస్ గెర్రా అనే ఆయన మొదలుపెట్టినాడు. కార్ల ఫ్యాక్టరీల్లో చిన్న చిన్న పార్టులు వేసుకోడానికి నీలం రంగు ఉక్కు ట్రేలు ఉండేవి, ఆ బరువైన ట్రేలలోనే పిజ్జా కాల్చినారు, ఉక్కు మందంగా ఉంటుంది కాబట్టి వేడి పట్టుకోని అడుగు బాగా వేగింది. పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో బ్రిక్ చీజ్ అని ఒకటి చేస్తారు, వెన్న శాతం ఎక్కువ, దాన్ని అంచుల దాకా పరిస్తే ట్రే గోడకి అంటుకోని కాలింది. అంతే. ఊర్లో ఉన్న ట్రే, దగ్గర్లో దొరికే చీజ్. ఈ రోజు డెట్రాయిట్ పిజ్జా అంటే ప్రపంచమంతా గౌరవంగా చూస్తుంది. చిత్తూరు కేరళ ఆయన కేక్ డబ్బాలో బన్ను పిండి ఒత్తి, ఫ్రిజ్ లేని కాలానికి నిలవుండే చీజ్ వేసి, మదనపల్లె టమోటా ఉడికించి చేసినదానికి ఆ గౌరవం ఎందుకు లేదో నాకు అర్థం కాదు. చేసిన పని ఒకటే కదా! ఆ రోజు నుంచే నాకు ఈ పట్టుదల వచ్చింది.

అమ్మ మిషిగన్ వచ్చినప్పుడు ఆమెకి కూడా అదే పిజ్జా తినిపించాలని నాకు ఎంత ఆశో. అమ్మ అన్నిటికంటే ముందు అడిగింది "ఇందులో గుడ్డేమైనా పడిందా?" అని. గుడ్డు లేదు గానీ చీజ్ సంగతి ఒకటి చూడాల్సొచ్చింది. పాలు విరగ్గొట్టడానికి వాడే రెన్నెట్ కొన్ని చీజ్‌లకి దూడ కడుపులోంచి తీసింది వాడతారు, ఇటలీ అసలు పార్మిజానో రెజ్జానోకి అయితే అదే వాడాలని నిబంధన. మన అమూల్ లాంటి వాటికి సూక్ష్మజీవులతో చేసిన రెన్నెట్ వాడతారు కాబట్టి శాకాహారం తినేవాళ్ళకి భయం లేదు. అమెరికాలో ప్యాకెట్ మీద వెజిటేరియన్ రెన్నెట్ అని రాసి ఉన్నవి దొరుకుతాయి. అట్లాంటి చీజ్ కొనుక్కొచ్చి, బరువైన ట్రే కొని, ఇంట్లోనే చేసి పెట్టినా. అమ్మ తిని, "మీ నాయన తెచ్చింది ఇట్లనే ఉండేది" అనింది. ఆమెకి నేను ఈ మాట ముందుగా చెప్పలేదు.

ఇండియాకి తిరిగొచ్చేస్తా ఇటలీ చూసుకోని వచ్చినాం, నేపుల్స్‌లో దిగినాం. ఆడ పిజ్జా అంటే భక్తి. 1984లోనే ఒక సంఘం పెట్టుకోని, పిండి ఎట్లా కలపాల, ఎంతసేపు పులియబెట్టాల, ఓవెన్ ఎంత వేడుండాల అని రాసి పెట్టుకున్నారు, 2017లో ఆ పిజ్జా చేసే కళని యునెస్కో కూడా గుర్తించింది. మా సందులో ఓవెన్‌కీ దానికీ తేడా ఆడ నిలబడి చూస్తే తెలిసింది. వాళ్ళు నిప్పులు బయటికి లాగరు, కట్టెలు ఒక పక్కకి నెట్టి మంట మండతానే ఉంటుంది, 485 డిగ్రీల దాకా వేడి, ఆ మంట నాలుక గోపురం చుట్టూ తిరగతా ఉంటుంది, పిజ్జా లోపల ఉండేది ఒక నిమిషం, మహా అయితే ఒకటిన్నర. అంత కొంచెం సేపట్లో అంచు బుసబుసా పొంగి నల్ల మచ్చలు పడుతుంది, మధ్యలో మాత్రం తడిగా, మెత్తగా, చారు మాదిరి కారతా ఉంటుంది. మా పెద్దోడు "అమ్మా ఇది ఉడకలేదు" అన్నాడు. ఉడికింది నాయనా, ఇది ఇట్లనే ఉండాల అని చెప్పి కత్తితో కోసి పెట్టినా. 1889లో మార్గెరీటా రాణి కోసం చేసినారనే కథ ప్రతి షాపులోనూ చెప్తారు, అది పూర్తిగా నిజమా అని చరిత్ర రాసేవాళ్ళు సందేహపడతా ఉండారు గానీ టమోటా, మోజరెల్లా, తులసి లాంటి ఆకు, ఆలివ్ నూనె, ఈ నాలుగుతో అంత రుచి వస్తుందని తిన్నాక నాకు కథతో పని లేకపోయింది. వాళ్ళ శాన్ మార్జానో టమోటా పొడుగ్గా, గింజలు తక్కువగా, కండ ఎక్కువగా ఉంటుంది, ఉడికించకుండా నలిపి పోసేస్తారు. మన మదనపల్లె హైబ్రిడ్ టమోటా దూరం పోవాలని తోలు మందంగా ఉండేటట్టు పెంచింది, దాన్ని ఉడికించి ఇంకించకపోతే పిజ్జా నీళ్ళు కారుతుంది. కేరళ ఆయన దబరా పొయ్యి మీద పెట్టింది అందుకే.

రోమ్‌లో పొడుగాటి ట్రేలలో కాల్చి, కత్తెరతో కత్తిరించి, తూకం వేసి అమ్ముతారు. ఉర్లగడ్డ, ఉప్పు, నూనె మాత్రమే వేసింది ఒకటి తిన్నాం, అద్భుతం.

ఇప్పుడు తిరుపతిలో ఉంటాం. పిల్లోళ్ళకి పిజ్జా కావాలి, నాకు మంచి పిజ్జా కావాలి, కాబట్టి వెతకతానే ఉంటా. ఎయిర్ బైపాస్ రోడ్డు, అలిపిరి రోడ్డు, కొత్త కొత్త కేఫ్‌లు బోలెడు, కొన్నిచోట్ల నిజంగానే కట్టెల ఓవెన్ కట్టినారు, ఐఐటీ ఐసర్ పిల్లోళ్ళు వచ్చినాక ఊర్లో రకరకాల తిండి పెరిగింది, అది సంతోషం. కానీ కట్టెల ఓవెన్ అని బోర్డు చూసి మురిసిపోకండి. ఒకచోట ఓవెన్ బ్రహ్మాండంగా ఉంది, లోపల నిప్పు మాత్రం ఆరిపొయ్యే దశలో ఉంది, పక్కన చూస్తే ప్యాకెట్ బేసులు కట్టలు కట్టలు. నేను పొయ్యి ముందు అడిగేది ఒకటే, "పిండి ఈడే కలపతారా అన్నా?" అని. కలిపేవాళ్ళయితే మొహం వెలిగిపోతుంది, ఎన్ని గంటలు నానబెట్టినామో వాళ్ళే చెప్తారు. రెండోది చీజ్. పామాయిల్‌తో చేసే చీజ్ లాంటి పదార్థం ఒకటి వచ్చింది, ప్యాకెట్ మీద అనలాగ్ అని రాసి ఉంటుంది, చౌక కాబట్టి చానామంది అదే వాడతారు. అది రబ్బరు మాదిరి సాగుతుంది గానీ పాల రుచి ఉండదు, చల్లారితే నోట్లో పైకప్పుకి జిడ్డుగా అంటుకుంటుంది. మన జిల్లాలో ఇన్ని ఆవులు, ఇన్ని పాలు ఉండి మనం అది తినడం నాకు బాధ. ఆవు పాలతో చేసిన మోజరెల్లా నేపుల్స్‌లో కూడా వాడతారు, బర్రె పాలదే కావాలని లేదు, మన పాలతో ఎవరైనా ఈడనే చేస్తే ఎంత బాగుంటుందో.

చిత్తూరు పొయ్యినప్పుడు ఆ బేకరీకి పొయ్యినా. కేరళ ఆయన లేడు, కొడుకు చూసుకుంటా ఉండాడు. ఇటుకల ఓవెన్ తీసేసి గ్యాస్ ఓవెన్ పెట్టినారు, కట్టెల ఖరీదు, పొగ మీద పక్కింటోళ్ళ గొడవ, చేసే మనిషి దొరకడం లేదు, అన్నీ చెప్పినాడు. పిజ్జా ఇప్పుడు ప్యాకెట్ బేస్ మీదే. మీ నాయన కేక్ డబ్బాలో చేసేవాడు అంటే ఆ పిల్లోడికి తెలీదు, అప్పటికి చిన్నోడు. నాకు గుర్తున్నంతా చెప్పినా, సాస్‌లో తెల్లగడ్డ ఎంత ఉండేదో, డబ్బాకి డాల్డా ఎట్లా పూసేవాళ్ళో, శ్రద్ధగా విని "ఒకసారి చేసి చూస్తా అక్కా" అన్నాడు. చేస్తాడనే నా నమ్మకం.

ఈలోపల నేను ఇంట్లో చేస్తా ఉండా. మైదా బలం తక్కువ కాబట్టి నీళ్ళు మరీ ఎక్కువ పొయ్యను, ఈస్ట్ చిటికెడే వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెడతా, తిరుపతి ఎండాకాలంలో బయట పెడితే రెండు గంటల్లోనే పొంగి పుల్లగా అయిపోతుంది. ఓవెన్ 250 డిగ్రీలు దాటదు, అందుకని ఇనప దోసె పెనం లోపల పెట్టి ముప్పావు గంట కాగనిచ్చి దాని మీద కేక్ డబ్బా పెడతా, అప్పుడు అడుగు కిందనుంచి వేగుతుంది. చీజ్ సగం మోజరెల్లా, సగం అమూల్ ప్రాసెస్డ్, అంచులకి ఆనేటట్టు పరుస్తా. 2023 జూలైలో టమోటా కిలో వంద దాటి ఇంకా పైకి పొయ్యినప్పుడు కూడా మానలేదు, కొంచెం తక్కువ వేసినా అంతే. పిల్లోళ్ళు తింటారు, అమ్మ శనివారం కూడా తింటుంది.

సాస్ మాత్రం ఇంకా కుదర్లేదు. ఆయన సాస్‌లో టమోటా, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, కారంపొడి కాకుండా ఇంకేదో ఉండేది, చివర్లో ఒక రకమైన ఘాటు వచ్చేది, సోంపు అనుకోని వేసినా, అది కాదు, ధనియాలు కాదు, లవంగం కొంచెం దగ్గరికొచ్చింది గానీ అదీ కాదు. 90లలో, 2000ల మొదట్లో చిత్తూరులో గానీ పలమనేరు, పుంగనూరు, మదనపల్లె పక్క గానీ ఇట్లాంటి డబ్బా పిజ్జా తిన్నోళ్ళు, లేకపోతే బేకరీల్లో పని చేసినోళ్ళు ఎవరైనా ఉంటే ఆ సాస్‌లో ఏం వేసేవాళ్ళో దయచేసి చెప్పండి.